జంట అచ్చు నాణెం

1955లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సిగరెట్లను యంత్రాల ద్వారా అమ్మేవారు. పెట్టె ధర 23 సెంట్లు. యంత్రం మాత్రం పాతిక సెంట్ల నాణేన్నే మింగేది. మిగిలిన రెండు సెంట్లను తిరిగి ఇచ్చే ఏర్పాటు దానిలో లేకపోవడంతో, పెట్టె మీద చుట్టిన పారదర్శకపు కాగితం లోపల రెండు కొత్త సెంట్లు ముందుగానే దోపి ఉంచేవారు. ఆ ఏడాది న్యూయార్క్ రాష్ట్రపు ఎగువ ప్రాంతంలోనూ మసాచుసెట్స్‌లోనూ సిగరెట్లు కొన్నవాళ్లలో కొందరు ఆ చిల్లరలో వింతైన నాణెం ఒకటి చూశారు. సంవత్సరం అంకెలు ఒకదాని పక్కన మరొకటిగా రెండేసి సార్లు పడ్డాయి. ‘లిబర్టీ’ అన్న మాట, పైన అంచు వెంబడి ఉండే ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ అన్న నినాదం కూడా అంతే. అబ్రహాం లింకన్ ముఖం మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంది. చూడటానికి భూతద్దం కూడా అక్కర్లేదు, చేతిలో పెట్టుకుంటే కంటికి ఆనుతుంది.

నాణేల సేకరణ చరిత్రలో ఇంతగా చర్చకు వచ్చిన లోపభూయిష్టమైన నాణెం మరొకటి లేదనవచ్చు. అయితే దాని ప్రాముఖ్యం ధరలో లేదు. ఒక లోపం కనబడినప్పుడు అది ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడాన్ని సేకర్తలు ఈ నాణెం దగ్గరే నేర్చుకున్నారు. నాణెం మీద కనిపించేదంతా నాణెం తప్పు కాదనీ, దాన్ని కొట్టిన అచ్చులోనే తప్పు ఉండవచ్చుననీ నిరూపించడానికి వాళ్లకు దశాబ్దాలు పట్టింది. తర్వాత వచ్చిన వర్గీకరణ, నకిలీల గుర్తింపు రెండూ ఆ ఎరుక మీదే నిలబడ్డాయి.

ఈ నాణెం పుట్టిన ఫిలడెల్ఫియా టంకశాలలో 1955లో జరిగిన సంగతి తర్వాతి కాలంలో అక్కడి అధికారుల మాటల ద్వారానే బయటికి వచ్చింది. సెంట్లు కొట్టే యంత్రాలు కొన్ని వరసగా నడుస్తున్నాయి. వాటిలో ఒకదానికి బిగించిన అచ్చు దోషంతో ఉంది. తనిఖీదారు గమనించి యంత్రాన్ని ఆపించి అచ్చును తీయించేసరికే 40 వేలకు పైగా నాణేలు పడిపోయాయి. వాటిలో సుమారు 24 వేలు పక్క యంత్రాల నుంచి వచ్చిన లక్షలాది మంచి సెంట్లతో కలిసిపోయాయి. పెట్టెలో విడిగా మిగిలినవాటిని కరిగించారు. కలిసిపోయినవాటిని ఏరాలంటే మొత్తం రాశినంతా కరిగించాల్సి వస్తుంది. ఒక్కో సెంటు విలువ ఎంతని, వాటికోసం అంత శ్రమ? అందుకే వాటిని అలాగే చలామణీలోకి వదిలేశారు. ఎవరైనా వాటిని దాచుకుంటారన్న ఊహ ఆనాటి అధికారులకు ఉన్నట్టు కనబడదు. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో అచ్చయిన సెంట్లు 33 కోట్లకు పైమాటే. అంత సముద్రంలో 24 వేలు లెక్కలోకి వచ్చేవి కావు.

అచ్చులో దోషం ఎలా వస్తుందో తెలియాలంటే అచ్చు ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చూడాలి. నాణెం మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది గనుక దాన్ని కొట్టే డై మీద అదే బొమ్మ పల్లంగా, తిరగేసి ఉండాలి. ఆ డైని ఎవరూ చేత్తో చెక్కరు. ముందుగా బొమ్మ ఉబ్బెత్తుగా ఉండే హబ్ అనే ఉక్కు దిమ్మెను తయారుచేస్తారు. గట్టిపరచిన ఆ హబ్‌ను, మెత్తబరచిన మరో ఉక్కు దిమ్మె మీద పెట్టి బలమైన నొక్కుడు యంత్రంతో అదుముతారు. మెత్తని ఉక్కులో పల్లంగా బొమ్మ దిగుతుంది. అదే డై. చివర్లో దాన్ని కాల్చి గట్టిపరచి నాణేల యంత్రానికి బిగిస్తారు. ఒక్కో డై లక్షల సంఖ్యలో నాణేలు కొడుతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ రోజుల్లో బొమ్మ ఒక్క అదుముతో పూర్తిగా దిగేది కాదు. ఒత్తిడికి ఉక్కు బిగుసుకుపోతుంది. అప్పుడు ఆ డైని బయటికి తీసి కొలిమిలో కాల్చి, నెమ్మదిగా చల్లార్చి, మళ్లీ మెత్తబరచి రెండోసారి, అవసరమైతే మూడోసారి అదిమేవారు. ప్రతిసారీ హబ్ మీద బొమ్మ, డైలో అప్పటికే పడిన బొమ్మ వెంట్రుక వాసి తేడా లేకుండా కలవాలి. ఆ కలయిక కుదరకపోతే డైలో రెండు బొమ్మలు పడతాయి. అదే జంట అచ్చు, ఇంగ్లిషులో ‘డబుల్డ్ డై’. ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ రెండు బొమ్మలూ అవే కొలతల్లో, అదే కోణంలో కనబడతాయి.

మన పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఈ తేడా సులభంగా బోధపడుతుంది. అద్దేటప్పుడు పనివాడి చెయ్యి కదిలితే ఆ ఒక్క చోట పువ్వు చెదురుతుంది. అచ్చునే రెండు గీతలతో చెక్కి ఉంటే మాత్రం బట్ట పొడవునా ప్రతి పువ్వూ రెండు గీతలతోనే పడుతుంది. మొదటిది ఒకసారి జరిగి పోయే పొరపాటు. రెండోది పదేపదే బయటపడే లక్షణం. జంట అచ్చు నాణెం రెండో కోవకు చెందింది. దాన్ని గుర్తుపట్టడం, జాబితాలో చేర్చడం, అసలుదో కాదో తేల్చడం సాధ్యమయ్యాయంటే కారణం అదే.

1955 సెంటులో రెండో అదుమప్పుడు హబ్ కాస్త తిరిగింది. అందుకే కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ ఎడం పెరిగింది. కోణం ఒక్కటే అయినా అంచు దగ్గర అది ఎక్కువ దూరంగా మారుతుంది. అంకెలూ అక్షరాలూ అంచుకు దగ్గరగా ఉండటంతో అవి స్పష్టంగా విడిపోయాయి, నడిమధ్య ఉన్న లింకన్ ముఖంలో పెద్ద మార్పు రాలేదు. తొలిచూపులో వింతగా అనిపించినదానికి వెనుక ఉన్నది సూటి జ్యామితి.

ఇలాంటి నాణెం ప్రపంచంలో అదే మొదటిది కాదు. 1873 నాటి ఇండియన్ హెడ్ సెంటులో ‘లిబర్టీ’ అన్న మాట రెండు వరుసలుగా పడిన రకం ఉంది. 1888లో న్యూ ఓర్లియన్స్ టంకశాల కొట్టిన ఒక మోర్గన్ డాలరు మీద లిబర్టీ దేవత పెదవులు జంటగా పడ్డాయి. సేకర్తలు దాన్ని ‘హాట్ లిప్స్’ అని పిలుచుకుంటారు. 1916 నాటి ఐదు సెంట్ల బఫెలో నికెల్‌లో సంవత్సరం అంకెలు పూర్తిగా రెండుసార్లు పడి ఉన్నా, దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదు. ఈలోగా ఆ నాణేలు చేతులు మారి అరిగిపోయాయి. ఇవాళ మంచి స్థితిలో ఉన్నది దొరకడం చాలా అరుదు.

వీటన్నిటికంటే విచిత్రమైనది 1942 నాటి పది సెంట్ల డైమ్. 1941 చివర్లో టంకశాలలో ఆ ఏటి డైలూ వచ్చే ఏటి డైలూ పక్కపక్కనే తయారవుతున్నాయి. ఒక డైని మొదట 1941 హబ్‌తో, మెత్తబరచాక 1942 హబ్‌తో అదిమారు. ఫలితంగా నాణెం మీద ‘2’ అంకె వెనక ‘1’ నిలబడి కనిపిస్తుంది. చాలాకాలం దీన్ని పాత అంకె మీద కొత్త అంకె దిద్దిన నాణెంగానే చూశారు. తీరా పరిశీలిస్తే ఇది కూడా రెండు వేర్వేరు హబ్‌ల నుంచి పుట్టిన జంట అచ్చే. పైకి రెండు రకాలుగా కనిపించేవి ఒకే మూలం నుంచి వచ్చాయని తేలిన సందర్భాల్లో నాకు బాగా నచ్చేది ఇది.

1955 సెంటుకు తొలి రోజుల్లో సరైన పేరు కూడా లేదు. ‘రెండుసార్లు కొట్టిన నాణెం’ అన్నారు, ‘జరిగిన అచ్చు’ అన్నారు. రెండుసార్లు కొట్టడమంటే ఒకే బిళ్ల యంత్రంలో రెండు దెబ్బలు తినడం. అదే జరిగి ఉంటే ఒక్కో నాణెం ఒక్కో తీరుగా ఉండాలి. ఇవేమో వందల నాణేలు తెచ్చి వరసగా పెట్టినా తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి. దోషం డైలోనే ఉందన్న నిర్ణయానికి దారి చూపింది ఆ పోలికే.

మొదట్లో వాటిని కొనేవాళ్లు కూడా కొద్దిమందే. న్యూయార్క్ రాష్ట్రంలోని జాన్సన్ సిటీలో జేమ్స్ రడ్డీ అనే యువ వ్యాపారి వాటిని ఒక్కోటి పాతిక సెంట్లకు కొన్నాడు. జనం ఎక్కువగా తెచ్చిపెట్టేసరికి, ఇన్ని ఉంటే ఎవరు కొంటారన్న సందేహంతో కొనడం ఆపేశాడు. తర్వాతి సంవత్సరాల్లో ధర ఎక్కుతూ వచ్చింది. నాణేల పుస్తకాల్లో దానికి స్థానం దొరికాక, సెంట్లను సంవత్సరాల వారీగా పోగుచేసే ప్రతివాడికీ అదొక తీరని కోరికగా మారింది. ఇప్పుడు వాడి అరిగినదానికే వెయ్యి డాలర్లకు పైగా పలుకుతోంది.

ధర పెరిగిన చోటికి నకిలీ చేరడం ఆలస్యం కాదు. అత్యధికంగా నకిలీలు వచ్చిన ఆధునిక అమెరికన్ నాణేల్లో 1955 సెంటు ఒకటని సేకర్తలు చెబుతారు. ఇక్కడ పనికొచ్చింది మళ్లీ అదే ఎరుక. జంట అక్షరాలు బొమ్మ వైపు ఉంటే, అసలైన నాణేన్ని పట్టించే గుర్తు బొరుసు వైపు దొరికింది. ఆ వైపు డైని సానపట్టినప్పుడు పడిన సన్నని నిలువు గీతలు ‘సెంట్’ అన్న మాట చివరి అక్షరం ఎడమ పక్కన కనబడతాయి. నకిలీదారు జంట అంకెల మీదే దృష్టి పెడతాడు. ఎవరూ చూడరనుకునే ఆ గీతలు అతని పనిలో ఉండవు. డై తన ప్రతి గాటునూ ప్రతి నాణెం మీదా వదిలిపెడుతుందన్న సంగతి తెలిసినవాడికే ఆ పరీక్ష తోస్తుంది.

1969లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల సెంట్లలో మరో గొప్ప జంట అచ్చు బయటపడింది. దాని చరిత్ర విచారకరంగా మొదలైంది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో ఇద్దరు 1969 నాటి సెంట్లకు జంట అచ్చు నకిలీలు తయారుచేశారు. ఆ కేసు వెంట పడిన సీక్రెట్ సర్వీస్ అధికారులు నిజమైన శాన్ ఫ్రాన్సిస్కో నాణేలను కూడా నకిలీలని భావించి స్వాధీనం చేసుకున్నారు. అవి టంకశాలలో అచ్చయినవేనని తేలడానికి సమయం పట్టింది. నిజాన్ని నకిలీ అనుకోవడం ఎంత తేలికో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ నాణెం నిజమని తేల్చే గుర్తు కూడా అచ్చు తయారీ క్రమంలోనే దాగుంది. ఆ రోజుల్లో ఏ టంకశాల నాణెమో తెలిపే ‘ఎస్’ అక్షరం హబ్ మీద ఉండేది కాదు. డై తయారయ్యాక దాన్ని చేత్తో విడిగా కొట్టేవారు. కాబట్టి హబ్ తిరిగి అంకెలు, అక్షరాలు జంటగా పడినా, ఆ ‘ఎస్’ మాత్రం ఒక్కటిగానే ఉండాలి. అది కూడా అదే తీరులో జంటగా కనబడితే నాణెం జంట అచ్చుది కాదు, దెబ్బ పడేటప్పుడు డై కదిలిందన్నమాట. అసలు 1969 నాణేలు చాలా తక్కువ. 2008లో మెరుపు తగ్గని ఒక నాణెం వేలంలో లక్ష డాలర్లు దాటింది.

దెబ్బ పడేటప్పుడు డై కదలడం వల్ల వచ్చే ఈ రెండో రకం జంటదనమే సేకర్తలను అన్నిటికంటే ఎక్కువగా మోసగిస్తుంది. డై సరిగ్గా బిగించకపోతే, నాణెం కొట్టిన మరుక్షణంలో అది స్వల్పంగా జారి, అప్పుడే పడిన అక్షరాన్ని పక్కకు నెట్టేస్తుంది. భూతద్దంలో చూస్తే తేడా తెలుస్తుంది. నిజమైన జంట అచ్చులో రెండు బొమ్మలూ గుండ్రటి అంచుతో, తగినంత ఎత్తుతో ఉంటాయి. అక్షరాల మూలల్లో చీలిక గాటు పడుతుంది. అక్షరం ఉండాల్సినదానికంటే లావుగా కనిపిస్తుంది. డై జారడం వల్ల వచ్చినదానిలో రెండో గీత చదునుగా, మెట్టులా, మెరుస్తూ ఉంటుంది. అది అసలు అక్షరంలో నుంచే కొంత కోసుకుని పుట్టింది గనుక అక్షరం సన్నబడుతుంది. అరిగిపోయిన డైలు ఇచ్చే మసక జంటదనం ఇంకొకటి. 1955లోనే అలాంటి సెంట్లు బోలెడు వచ్చాయి. వాటిని ‘పేదవాడి డబుల్డ్ డై’ అన్న పేరుతో అమ్మారు. ఆ పేరు ఎంత ఆకట్టుకున్నా ఆ నాణేలకు అసలు నాణెంతో చుట్టరికం లేదు.

1970, 80 దశకాల్లో ఈ జ్ఞానమంతా ఒక పద్ధతిలోకి వచ్చింది. హబ్, డై ఎలా తప్పాయన్నదాన్ని బట్టి జంట అచ్చులను తరగతులుగా విడదీశారు. హబ్ తిరిగినది, పక్కకు జరిగినది, అంచు దగ్గర ఒక బిందువు చుట్టూ తిరిగినది, ఉక్కు సాగడం వల్ల వంకరైనది, రెండు వేర్వేరు హబ్‌లు కలిసినది, వంగిన హబ్ వల్ల పుట్టినది ఇలా. తరగతి అంటే ఇక్కడ కనిపించే ఆకారం కాదు, ఆ ఆకారాన్ని పుట్టించిన కారణం. జాన్ వెక్స్‌లర్ జంట అచ్చుల మీద విజ్ఞాన సర్వస్వం వెలువరించాడు. బిల్ ఫివాజ్, జె.టి. స్టాంటన్ కలిసి 1990లో తొలిసారి ప్రచురించిన ‘చెర్రీపికర్స్ గైడ్’ మామూలు సేకర్త చేతికి ఆ పరిజ్ఞానాన్ని అందించింది. వాళ్లు ఇచ్చిన సంఖ్యలే ఇప్పటికీ ఈ నాణేలకు పేర్లుగా చెలామణీ అవుతున్నాయి. వీళ్లలో చాలామంది వృత్తి పండితులు కారు. సాయంకాలాలు దీపం ముందు కూర్చుని వేలకొద్దీ సెంట్లను తిప్పి చూసినవాళ్లు. ఈ రంగపు శాస్త్రీయతకు మనం నిజంగా రుణపడింది వాళ్లకే.

నాణెం ఏ డై నుంచి వచ్చిందో తేలాక మిగిలే ప్రశ్న, అది ఏ స్థితిలో ఉంది? ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు ఎప్పటికీ మారదు, రెండోదానిలో మాత్రం కంటి తీర్పు చేరుతుంది. స్థితిని అంకెల్లో చెప్పే పద్ధతికి మూలం విలియం షెల్డన్. 1949లో పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలో ఆయన 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద ప్రతిపాదించాడు. అది మొదట ధరలను లెక్కకట్టడానికి ఉద్దేశించినది. ధరలు ఆ లెక్కను ఎప్పుడో దాటిపోయినా అంకెలు నిలిచాయి. 1970లో, పదిహేనేళ్ల కిందట జంట అచ్చు సెంట్లు కొన్న ఆ జేమ్స్ రడ్డీయే, ఫొటోల సాయంతో స్థాయిని నిర్ణయించే ‘ఫొటోగ్రేడ్’ పుస్తకం తెచ్చాడు. 1986 నుంచి పీసీజీఎస్, 1987 నుంచి ఎన్‌జీసీ సంస్థలు నాణేలను పరీక్షించి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి, పైన రకమూ స్థాయీ రెండూ ముద్రించి ఇవ్వసాగాయి.

1955 సెంటు విషయంలో స్థాయికి ఒక ప్రత్యేకత ఉంది. లోపం వెంటనే కంటపడటంతో చాలా నాణేలు బాగా అరిగేలోపే చలామణీ నుంచి బయటికి వచ్చేశాయి. అందుకే ఒక మోస్తరు అరుగుదలతో 40 నుంచి 58 మధ్య స్థాయిలో ఉన్నవి ఎక్కువ, బాగా అరిగినవి తక్కువ. ఏమాత్రం అరగనివి ఇంకా తక్కువ. వాటిలోనూ అసలు విలువ రంగులో ఉంది. ఆ సెంటులో 95 శాతం రాగి. గాలి తగిలితే ఎరుపు గోధుమకు, ఆపై ముదురు గోధుమకు తిరుగుతుంది. అందువల్ల అరగని నాణేలను మళ్లీ ఎర్రవి, ఎరుపు గోధుమ కలిసినవి, గోధుమవి అని మూడుగా విడదీస్తారు. పూర్తి ఎరుపుతో మిగిలినవి బహు కొద్ది. కొందరు పాత నాణేన్ని తోమి ఎరుపు తెప్పించబోయారు. తోమిన నాణెం పరీక్షకుల కంటికి ఇట్టే దొరుకుతుంది. దానికి అంకె ఇవ్వరు, శుభ్రం చేసినదని రాస్తారు. ధర బాగా పడిపోతుంది.

1995లో మళ్లీ ఒక సెంటు జంట అచ్చుగా వచ్చింది. ‘యూఎస్ఏ టుడే’ పత్రిక ఆ వార్త వేయడంతో దేశమంతా చిల్లర గిలకొట్టి వెతికింది. పెద్ద సంఖ్యలో దొరికాయి. అందుకే మొదట ఎగిసిన ధర తర్వాత దిగి, ఇప్పటికీ సామాన్యుడికి అందుబాటులోనే ఉంది. అరుదుతనానికీ లోపానికీ మధ్య తేడాను ఆ నాణెం అందరికీ చూపించింది. 1990ల చివర్లో టంకశాల ఒకే అదుముతో డైని పూర్తిచేసే పద్ధతికి మారింది. దాంతో జంట అచ్చులు ఆగిపోతాయని అనుకున్నారు. ఆగలేదు. వంగి తగిలిన హబ్ ఒత్తిడికి సర్దుకునేలోపే కేంద్రం దగ్గర చిన్న జంట గుర్తు మిగిలిపోతోంది. అవి ఇదివరకటి నాణేల్లా కంటికి కొట్టొచ్చినట్టు కనబడవు, భూతద్దం కావాలి.

మన దేశంలోనూ నాణేలు ఇదే విధంగా హబ్, డైల నుంచే పుడతాయి. 1903లో నిజాం కాలంలో సైఫాబాద్‌లో వెలసి, 1997లో చర్లపల్లికి తరలిన హైదరాబాద్ టంకశాల నాణేల మీద నక్షత్రం గుర్తు ఉంటుంది. తెలుగువాళ్ల ఇళ్లలో చిల్లర డబ్బాలు వెతికే ఉత్సాహం ఇప్పుడు బాగానే ఉంది. దాన్ని ఆసరా చేసుకుని, పాత నాణేనికి లక్షలిస్తామని చెప్పి ముందుగా రుసుము వసూలు చేసే మోసాలూ ఉన్నాయి. తన పేరు వాడుకుని ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని, పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల్లో తాను ఏ రుసుమూ వసూలు చేయనని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది.

మీ దగ్గరున్న నాణెం మీద అక్షరాలు రెండుగా కనబడితే ముందు దాన్ని తోమకండి, కడగకండి. పదిరెట్లు పెంచి చూపే భూతద్దంతో అక్షరం మూలలు చూడండి. చీలిక గాటు ఉందా, మెట్టులాంటి చదును ఉందా గమనించండి. అదే సంవత్సరం, అదే టంకశాల నాణెం మరొకటి పక్కన పెట్టి పోల్చండి. అదే లోపం అదే చోట మరో నాణెం మీద కూడా కనబడితే, అప్పుడు తెలిసిన సేకర్తకు చూపించండి. అంతవరకు ఎవరికీ డబ్బు ఇవ్వకండి.